నాంచారమ్మ పెట్టనన్న దండం

2022 ఆగస్టు. నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేయడం మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. మా ఇల్లు బందరులో. మంగళ, శుక్రవారాల్లో అవనిగడ్డలోని ఒక చిన్న క్లినిక్‌లో రోగులను చూసేవాణ్ణి. ప్రతి రోగికీ నా పుస్తకంలో ఒక పేజీ కేటాయించి తేదీ, కోణం, చికిత్స అన్న మూడు గడులూ నింపుతాను. గడి ఖాళీగా ఉన్న పూట నాకు అన్నం సయించదని మా ఆవిడ వేళాకోళం.

తొమ్మిదో తేదీన నాంచారమ్మ వచ్చింది. హంసలదీవి వైపు మత్స్యకార పల్లె. వయసు నలభై ఆరు. జూన్ చివర్లో భర్త పడవ సముద్రంలో తిరగబడిందన్న కబురు విని ఒడ్డుకు పరుగెత్తుతూ పడిపోయింది. ఆయన తిరిగి రాలేదు. ఆమె కుడి భుజం ఎముక విరిగింది.

ఎముక అతికింది, కట్టు విప్పారు. చెయ్యి మాత్రం లేవడం లేదు. చేపల గంప నెత్తికెత్తుకుని ఊళ్లు తిరగడమే ఆమె బతుకుతెరువు. ఇలాగే ఉంటే ఇంకొన్ని నెలల్లో భుజం శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు.

కీలు ఎంత తిరుగుతుందో కొలిచే స్కేలును గోనియోమీటర్ అంటారు. నేను ఎత్తితే, అంటే పాసివ్‌గా, నూట ముప్పై డిగ్రీలు. ఆమె తనంతట ఎత్తితే, అంటే యాక్టివ్‌గా, డెబ్బై. కండరాల బలహీనత ఒక్కటే అరవై డిగ్రీల తేడాకు కారణం కాదనిపించింది.

"రెండు చేతులూ జోడించి, ధ్వజస్తంభానికి దండం పెట్టినట్టు పైకెత్తమ్మా" అన్నాను. దివిసీమలో అందరికీ ఇలాగే చెబుతాను. అదే నా పొరపాటు.

"ఇంకేదైనా చెప్పు బాబూ, చేత్తా. దండం మాత్రం పెట్టను. ఏటా గంగమ్మకి పసుపూ కుంకుమా ఇచ్చుకున్నా. చివరికి నాయే పట్టుకుపోయింది."

తోడు వచ్చిన ఆడపడుచు లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరు సిట్టింగులు గడిచాయి. డెబ్బై, డెబ్బై రెండు, మళ్లీ డెబ్బై. ఇరవై ఆరో తేదీన నాకు ఓపిక నశించింది.

"కోపం గంగమ్మ మీదైతే ఆవిడతోనే తేల్చుకో. నా బల్ల మీద భుజం బిగబట్టి ఏం లాభం?"

అన్న మరుక్షణమే నొచ్చుకున్నాను.

ముప్పయ్యో తేదీన కొలిస్తే నూట పదిహేను వచ్చింది. నమ్మలేక మళ్లీ కొలిచాను. అదే.

"ఏం చేశావమ్మా?"

లక్ష్మి అందుకుంది. "మీరే గదండీ తేల్చుకోమంది! ఆదివారం పొద్దున్నే ఒడ్డుకి పోయి, రెండు చేతులా ఇసకెత్తి గంగమ్మ మీద పోత్తానే ఉంది. ఆ తిట్లకి ఊరంతా చెవులు మూసుకుంది. కుళాయి కాడ మా మీద కూడా ఎప్పుడూ అంత ఎగరలేదండీ!"

"నువ్వూరుకోవే" అని ఆమెను కసిరి, నాంచారమ్మ నా వైపు తిరిగింది. "అలిసిపోయి కూలబడ్డాను బాబూ. ఏడుపొచ్చింది. ఆయన పోయాక ఏడవటం అదే మొదలు. అప్పుడో అలొచ్చి కాళ్లు తడిపింది. అన్నేసి మాటలన్నాక ఏ చుట్టమైనా గడప తొక్కుద్దా? ఆవిడొచ్చింది. అమ్మ గాకపోతే ఎవరొత్తారు?"

అలలు రోజూ వస్తాయి. ఆ సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు. అయినా ఆ నీళ్లలో ఆమెకు అందిన ఓదార్పు నా చేతుల్లో లేనిది. ఆనాటి చికిత్స గడిలో "గంగమ్మతో మాట్లాడింది" అని రాశాను.

భక్తి అంటే చేతులు జోడించడమేనని అంతవరకూ అనుకునేవాణ్ణి. విరిగిపోయిన మనిషి విసిరే ఇసుకను కూడా దేవుడు మొక్కుగానే అందుకుంటాడని నాకు నేర్పింది నాంచారమ్మే. ఇప్పుడు రోగికి చెయ్యి ఎత్తమని మాత్రమే చెబుతాను. ఎవరికోసం ఎత్తాలో చెప్పను.

నవంబరు నాలుగు, చివరి సిట్టింగు. మర్నాటి నుంచి గంప ఎత్తుకుంటానని చెప్పి, నాంచారమ్మ సముద్రం ఉన్న దిక్కుకు తిరిగింది. కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించి తలపైకి ఎత్తింది. అలవాటు కొద్దీ నేను గోనియోమీటర్ ఆమె భుజానికి ఆనించాను.

"స్కేలు తియ్యి బాబూ" అంది కళ్లు తెరవకుండానే. "ఇది నీకు పెట్టింది కాదు."

తీసేశాను. ఆ తేదీ పక్కన కోణం గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆ పూట మాత్రం అన్నం బాగానే సయించింది.