ఆమె కార్డు, నా జేబు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నా భార్య నా చొక్కా జేబులోంచి తన బ్యాంకు కార్డు తీసింది. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. రొయ్యల షెడ్డు వ్యాను ఆరున్నరకు సెంటర్లో ఆగేది. దానికి ఇరవై నిమిషాల ముందు ఆమె క్యారియర్ కట్టుకుని గోడ గడియారం చూసుకునేది. ఆ రోజు పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ, కిటికీలోంచి నేను కూడా ఆ గడియారం వైపే చూశాను. దాని కింద మేకుకు నా చొక్కా వేలాడుతోంది. ఆమె చెయ్యి చొక్కా జేబులో ఉంది.

కార్డును తలుపు దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళింది. అదే జేబులోని పెన్నుతో, పెదవులు కదుపుతూ, ఎడమ అరచేతిలో అంకెలు రాసుకుంది. తర్వాత కార్డు పెట్టింది, పెన్ను పెట్టింది. ఒక్క క్షణం ఆలోచించి రెండూ మళ్ళీ బయటికి తీసి, ముందున్న వరసలో సర్దింది. పెరటి వైపు చూసింది. నేను గోడ చాటుకు జరిగాను.

ఆ కార్డు ఆమెది. ఆ ఖాతాలో పడేది ఆమె కూలి. అది నా జేబులో ఎందుకు ఉందో చెప్పాలి.

మాది ఇందుకూరుపేట దాటాక మైపాడు దారిలో ఒక ఊరు. నేను శాఖా గ్రంథాలయంలో చిన్న ఉద్యోగిని. ఆమె షెడ్డులో రొయ్యల తలలు తీసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచునీళ్ళలో చేతులు. గ్లవ్స్ ఉన్నా వేళ్ళ చివర్లు తెల్లగా నాని పగిలేవి. కూలి మొదట్లో కవర్లో పెట్టి ఇచ్చేవారు. తర్వాత షెడ్డు వాళ్ళే అందరికీ బ్యాంకు ఖాతాలు తెరిపించారు. కార్డులు వచ్చాయి. మూడో తరగతి దాకా చదివిన నా భార్య ఆ కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి పర్సులో పెట్టుకుంది. మొదటిసారి తన పేరు మీద వచ్చిన వస్తువు అది. రేషన్ కార్డులో కూడా నా పేరు తర్వాతే ఆమె పేరు.

సెంటర్లో కిరాణా కొట్టతను అప్పుడే కార్డు మిషన్ పెట్టాడు. దాని మీటలు చిన్నవి. ఆమె వేళ్ళు బిరుసెక్కి ఉండేవి, ఒకటి నొక్కబోతే రెండు పడేవి. వెనక జనం ఉండేవారు. అందుకని ఆమె కార్డు కొట్టతనికి ఇచ్చి పిన్ నంబరు పైకి చెప్పేది. ఆమె ఒక్కతే కాదు, మా వైపు చాలామంది అంతే. పెట్రోలు బంకులో మీసాలున్న మగాళ్ళు కూడా బండి మీద కూర్చుని నాలుగంకెలూ గట్టిగా చెప్పడం నేను విన్నాను.

ఒక ఆదివారం నేను ఆమెతో కొట్టుకు వెళ్ళాను. ఆమె నంబరు చెప్పింది. పది మంది ఉన్నారు.

"ఊరంతటికీ వినపడిందా? లేకుంటే ఇంకోసారి చెప్పు, మైకు తెప్పిస్తా," అన్నాను.

ఎవరో నవ్వారు. కొట్టతను కూడా నవ్వి, "పోనీలే సారూ, మేమేమన్నా దొంగలమా," అన్నాడు. నేను ఆగలేదు. నంబరు ఎందుకు రహస్యమో, మోసాలు ఎలా జరుగుతాయో, పేపర్లో చదివినదంతా అక్కడే చెప్పాను. చెప్పింది తప్పు కాదు. చెప్పడానికి అది చోటు కాదు. ఆమె నూనె ప్యాకెట్టు చేతిలో పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. నాకు ఆమె మీద కోపం లేదు. నలుగురి ముందు నా భార్య చదువురాని మనిషిలా కనిపించిందని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు దాచుకోవడానికి పాఠం చెప్పాను.

ఇంటికి వచ్చాక కార్డు నా బల్ల మీద పెట్టింది.

"నాకు తెలవదు గదా. నువ్వే పెట్టుకో."

కాగితం మీద పది గడులు గీసి, ఏ అంకె ఎక్కడ ఉంటుందో ఒక సాయంత్రం చూపిస్తే సరిపోయేది. ఊళ్ళో వాళ్ళ దరఖాస్తులు ఎన్నో ఓపిగ్గా నింపిన వాణ్ణి. కార్డు తీసి జేబులో వేసుకున్నాను.

అలా నాలుగేళ్ళు. ఇందుకూరుపేట ఏటీఎంలో డబ్బు తీసుకొచ్చి ఇంటి ఖర్చులన్నీ నేనే చూసేవాణ్ణి. తాగలేదు, పేకాట ఆడలేదు, ఒక్క రూపాయి దాచలేదు. చాలాకాలం ఆ మాటలతోనే నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ ఆమెకు గాజులు కావాలన్నా, షెడ్డులో ఎవరికైనా కాన్పయితే చందా ఇవ్వాలన్నా నన్ను అడగాలి. నేను ఎప్పుడూ కాదనలేదు. "ఎంత?" అని మాత్రం అడిగేవాణ్ణి. ఆదివారం చర్చిలో కానుకల సంచి మా వరస దాకా వచ్చినప్పుడు జేబులోంచి ఒక నోటు తీసి ఆమె చేతికిచ్చేవాణ్ణి. ఆమె దాన్ని సంచిలో వేసి కళ్ళు మూసుకునేది. ఆమె తన కష్టంలోంచి దేవుడికి ఎంత ఇవ్వాలో కూడా నేనే తేల్చాను.

తర్వాత ఫోన్లో డబ్బు కట్టడం వచ్చింది. నెల్లూరులో ఉన్న మా అమ్మాయి తన పాత ఫోను తల్లికి ఇచ్చింది. ఒక రోజు అన్నం తింటుండగా నా భార్య అడిగింది.

"ఏమయ్యా, ఆ కార్డు ఓసారి ఇయ్యి. షెడ్డులో అందరూ ఫోన్లో ఎక్కించుకున్నారు. కార్డు మీద ఆఖరి ఆరంకెలు కావాలంట."

"ఎందుకే అదంతా? ఒక్క ఫోనొస్తే ఖాతా ఊడ్చుకుపోతా ఉండారు. పేపర్లో రోజూ అదే."

"నేను పేపరు చదవను గదా."

"అందుకే చెప్తా ఉండా."

"నా పక్కన నిలబడే అక్క వేలిముద్ర మనిషి. ఆమెకు లేని భయం నాకేంది?"

"రేపు చూద్దాంలే."

మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ రేపు అన్నాను. నిజంగా నన్ను పట్టుకున్న భయం మోసగాళ్ళది కాదు. ఆమె కూలి నా జీతానికి తక్కువేమీ కాదు. అడగాల్సిన అవసరం లేకపోతే ఈ ఇంట్లో నేను పుస్తకాలు చదువుకునే ఒక మనిషిని, అంతే. నాలుగోసారి ఆమె అడగలేదు. ఆరూ పదికి తీసుకుంది.

అప్పుడు లోపలికి వెళ్ళి "నేనే చదువుతా, రాసుకో" అనొచ్చు. వ్యాను రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆమె వెళ్ళేదాకా గోడ చాటునే ఉన్నాను.

ఆ సాయంత్రం చేసింది ఇంకా తప్పు. ఆమె అన్నం వడ్డిస్తూ ఎడమ చెయ్యి ముడుచుకుని ఉంది. నీలం రంగు మరక పూర్తిగా పోలేదు. నాకు తెలుసు. తెలిసే అడిగాను.

"చేతికేమైంది?"

"మంచునీళ్ళు గదా. పగిలింది."

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమె నాతో అబద్ధమాడటం నాకు తెలిసి అదే మొదలు. నేను అడిగి ఆడించాను.

పది రోజుల తర్వాత పప్పు కొనడానికి కొట్టుకు వెళ్తే ఆమె నాకంటే ముందే అక్కడ ఉంది. కార్డు మిషన్ మూలన పడి ఉంది. బల్ల మీద క్యూఆర్ కోడ్ అచ్చేసిన నాలుగు పలకల అట్ట. ఆమె ఫోను దానికి ఎదురుగా పెట్టింది. నన్ను చూసి కంగారుపడలేదు. పైట కొంగు ఫోను మీద కప్పి, లోపల నింపాదిగా నంబరు నొక్కింది. కొట్టతని పక్కనున్న చిన్న డబ్బా నూట నలభై రూపాయలు అందాయని పైకి చెప్పింది.

"అదీ లెక్క! సారూ, మీకంటే అక్కే మేలు. మీరింకా చిల్లర ఏరుకుంటానే ఉండారు," అన్నాడు కొట్టతను.

ఆమె నవ్వింది. దారిలో అడగకుండానే చెప్పింది. "నంబరు ఎవురికీ చూపించగూడదంట. మొగుడికి గూడా."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఇల్లు చేరేదాకా ఆలోచించాను. లేదు. నేను చెప్పిన పాఠమే ఆమె సరిగ్గా నేర్చుకుంది.

కార్డు కంటే ఫోను మేలని ఆమెను చూసే తెలుసుకున్నాను. కార్డును ఇంకొకరి చేతికివ్వాలి. ఇచ్చాక మీ సొమ్ము కొద్దిసేపు వాళ్ళ చేతిలో ఉంటుంది, నా విషయంలో నాలుగేళ్ళు ఉంది. ఫోను ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అంకెలు పెద్దవిగా, తెలుగు అక్షరాల మధ్య కనిపిస్తాయి. పగిలిన వేలు కూడా వాటిని పట్టుకోగలదు. తప్పు నొక్కితే చెరిపి మళ్ళీ నొక్కొచ్చు, వెనకవాళ్ళు గొణగరు. పూలామె, మజ్జిగ బండి, షేరాటో, వీళ్ళ దగ్గర కార్డు గీకడానికి మిషన్ ఎప్పుడూ లేదు, అట్ట మాత్రం ఉంది. పది రూపాయల కోసం ఇందుకూరుపేట దాకా వెళ్ళి, ఏటీఎంలో డబ్బు లేదని వెనక్కి రానక్కర్లేదు. మైపాడు ఒడ్డున సిగ్నల్ ఉండదు, అదొకటి. అక్కడ కూడా ఆమె ఫోను పైకెత్తి పట్టుకుని ఇసుకలో అటూ ఇటూ నడిచేది, నా దగ్గరికి మాత్రం వచ్చేది కాదు.

చర్చి తలుపు పక్కన కూడా అట్ట అంటించారు. ఒక ఆదివారం సంచి వచ్చినప్పుడు అలవాటుగా నా చెయ్యి జేబులోకి పోయింది. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పటికే ఇచ్చేసింది. ఎంతో చెప్పలేదు. ఎంత అని నా నోటి దాకా వచ్చింది. సంచి పక్క వరసకు వెళ్ళిపోయింది.

కార్డు ఆమె తిరిగి అడగలేదు. నేను ఇవ్వలేదు. గడువు తీరేదాకా జేబులోనే తిప్పాను. నేను చూశానని ఆమెకు తెలుసో లేదో తెలియదు. చెప్పాలనుకున్నాను. రెండేళ్ళ పాటు, ప్రతిసారీ ఇంకొన్నాళ్ళు పోనీ అనుకున్నాను.

క్రిస్మస్‌కు మూడు వారాల ముందు ఆమె పోయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము. ఆసుపత్రిలో ఆరు రోజులు. ఐదో రోజు మాస్కు పక్కకు జరిపి, "టీ తాగినావా?" అంది. చెప్పడానికి అప్పుడు కూడా వీలుంది. "తాగినా," అన్నాను.

సమాధి చేసిన మరునాడు షెడ్డు ఆడవాళ్ళు వచ్చారు. ఆమె పక్కన నిలబడి పనిచేసిన పెద్దామె నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"మేము దాన్ని బో ఏడిపించేవాళ్ళం సారూ. మీ ఆయన జేబు బ్యాంకు తెరిచినారా ఈ పొద్దు, సెలవా అని. అది నవ్వేది. 'మా ఆయన మంచోడే అక్కా, నాకే చేతగాలేదు' అనేది."

షెడ్డంతా తెలుసు. వ్యానులో రోజూ అది ఒక వేళాకోళం. వాళ్ళ ముందు ఆమె నన్ను కాపాడుకుంటూ వచ్చింది. పదిమందిలో నేను ఆమెకు చేసింది వేరు. పెద్దామె నన్ను తప్పుపట్టడానికి చెప్పలేదు, ఓదార్చడానికే చెప్పింది. నేను తల ఎత్తలేకపోయాను.

ఆ వారంలోనే అమ్మాయి తల్లి ఫోను పట్టుకుని, "నాన్నా, అమ్మ నంబరు నీకు తెలుసా?" అంది.

"తెలియదు," అన్నాను. ఆమె గురించి నేను చెప్పినవాటిలో సిగ్గుపడకుండా చెప్పగలిగింది ఆ ఒక్క మాటే.

ఇప్పుడు ఆ షెడ్డు వాళ్ళే, కొత్తగా పనిలో చేరినవాళ్ళు, ఫోన్లు పట్టుకుని గ్రంథాలయానికి వస్తారు. ఇంగ్లీషులో వచ్చే మెసేజీలు చదివి పెట్టమంటారు. చదువుతాను. నంబరు పెట్టుకునే చోటు వచ్చినప్పుడు లేచి బీరువాల వైపు వెళ్తాను. "అయిపొయ్యింది, రండి సారూ," అని వాళ్ళే పిలుస్తారు.

మొన్న ఒకతను భార్య ఫోను, భార్య కార్డు రెండూ బల్ల మీద పెట్టాడు.

"ఆమె పనికి పొయ్యింది. నంబరు కూడా నువ్వే పెట్టేయన్నా, నాకు చెప్తే చాలు."

"ఆమెను తీసుకురా."

"దానికేం తెలుసన్నా?"

"తీసుకురా, నేర్చుకుంటుంది."

నా మొహం వైపు వింతగా చూసి, రెండూ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అంతకంటే గట్టిగా చెప్పే అర్హత నాకు లేదనిపించింది. అతను మళ్ళీ రాలేదు. ఆమె కూడా రాలేదు.

వచ్చినవాళ్ళ కార్డు వాళ్ళే పట్టుకుంటారు, వాళ్ళే అంకెలు చదువుతారు. చదవలేకపోతే బల్ల మీద పెట్టమంటాను, వంగి చూసి చెప్తాను. ఇంకొకరి కార్డు నేనిప్పుడు చేతిలోకి తీసుకోవడం లేదు.