లింగవ్వ సాదిన బిడ్డ

పెంచడానికి మనవాళ్లకు హద్దూ అదుపూ లేదు. మొక్కను పెంచుతారు, జుట్టు పెంచుతారు, ఇంటాయన కిరాయి పెంచుతాడు, పక్కింటివాళ్లు టీవీ చప్పుడు పెంచుతారు. సూరత్‌లో వడోద్ గల్లీలో ఉండే లింగవ్వకు మాత్రం ఆ మాట నోట రాదు. ఆమె పుట్టిన ఊళ్లో మేకను సాదుతారు, కోడిని సాదుతారు, తల్లి లేని పిల్లను సాదుకుంటారు. చనిపోయిన అక్క కూతురు కరుణను లింగవ్వ సాదుకుంది.

సాదుకుని ఊరుకుందా? గల్లీలోకి ఎవరు కొత్తగా దిగినా పిల్లను ముందుకు లాగి, "నేను సాదిన బిడ్డ. నేను లేకుంటే ఏమైపోవునో!" అనేది. గల్లీలో మరమగ్గాలు, అదే సాంచాలు, ఆడే మోతలో కూడా వినిపించే గొంతు ఆమెది. పక్కింటి భూదేవికి ఆ రెండు ముక్కలూ కంఠతా వచ్చేశాయి.

కరుణ పెళ్లయి అదే ఊళ్లో ఆల్థాన్ వైపు వెళ్లింది. చీరలకు ఫాల్ కుట్టే పనిలో కుదురుకుంది. ఆడపిల్ల పుట్టింది. ఈ ఏడు ఒడిబియ్యం పోస్తానని లింగవ్వ కబురు పెట్టింది. పుట్టింటివాళ్లు పోయాల్సిన బియ్యం. కరుణకు పుట్టిల్లంటే ఈ ఒక్క గదే. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, కొత్త చీర అన్నీ ఘనంగా సర్దింది. గల్లీ ఆడవాళ్లందరినీ పిలిచింది. పిలవకపోతే తన గొప్ప ఎవరు చూస్తారు?

పీట మీద కూర్చుని కరుణ కొంగు పట్టింది. పసిపిల్ల భూదేవి ఒళ్లో ఉంది. లింగవ్వ దోసిలి నింపి పోస్తుంటే భూదేవి అడిగింది.

"మళ్ల పనిల చేరుతవట గద కరుణా, పిల్లనెవరు చూస్తరే?"

కరుణ నోరు తెరిచేలోపే లింగవ్వ అందుకుంది. "ఎవరో ఎందుకు? నా తాన ఇడిసిపెట్టు బిడ్డా. నిన్ను సాదినట్టే సాదుత!"

కరుణ ఒక చేత్తో కొంగు వదిలేసింది. భూదేవి ఒళ్లోంచి పిల్లను లాక్కున్నట్టే తీసుకుంది. కొంగు జారి బియ్యం నేల మీద పడ్డాయి.

"అట్ల వద్దు చిన్నమ్మా," అంది మెల్లగా.

ముందు లింగవ్వకు ఒళ్లు మండింది. ఇంత చేస్తే ఇదా అని నోటిదాకా వచ్చింది. అప్పుడే పిల్ల వీపు మీద ఉన్న కరుణ వేళ్లు కనిపించాయి. బడి మాన్పించి తనే చీరలకు రాళ్లు అతికించే పనిలో పెట్టిన వేళ్లు. జిగురుకు తోలు ఊడిపోతే కొబ్బరినూనె రాసుకోమని, అన్నం తిన్నాక మళ్లీ ఆ పనికే పంపింది. కొడుకు వరప్రసాద్‌కు ట్యూషన్, గ్లాసెడు పాలు. కరుణకు నల్ల చాయ్. ఒకసారి గిన్నె అడుగున మిగిలిన మీగడ నాకిందని చెయ్యి కూడా చేసుకుంది. దీన్నేనా ఇన్నేళ్లూ గల్లీ గల్లీ వినేలా చాటింది?

లింగవ్వకు తల కొట్టేసినట్టయింది. పిలిచి కూర్చోబెట్టుకున్న ఆడవాళ్లంతా చూస్తున్నారు. వాళ్లు చూడకపోయినా ఆ సిగ్గు తక్కువయ్యేది కాదు.

కరుణ పిల్లను భుజాన వేసుకుని, రెండో చేత్తో మళ్లీ కొంగు పట్టింది.

"బియ్యం పొయ్యి చిన్నమ్మా. నాకింకెవరు పోస్తరు?"

తిట్టినా బాగుండేది. లింగవ్వ మిగిలిన బియ్యం పోసింది.

గుమ్మం దగ్గర, నిన్ననే గల్లీలో దిగిన జగిత్యాల కోడలు నిలబడి చూస్తోంది. "ఎవరక్కా ఒడి పట్టిన ఆ పిల్ల?" అని అడిగింది.

లింగవ్వ నేల మీద పడ్డ బియ్యం ఏరుతోంది.

"మా అక్క బిడ్డ," అంది.

తనకు కంఠతా వచ్చిన ఆ రెండు ముక్కల కోసం భూదేవి చూసింది. లింగవ్వ బియ్యం ఏరుతూనే ఉంది.