వరుసలో మా అమ్మాయి

పరాయి దేశంలో మా ఆయన పాస్టరు. ప్రార్థన చేయించుకోడానికి పొద్దున్నించీ జనం వచ్చేవాళ్లు. వాళ్ల కోసం వరండాలో బల్ల వేయించింది నేనే, ఎంతటివాళ్లయినా వరుసలోనే రావాలని రూలు పెట్టిందీ నేనే.

ఒకరోజు మా ఎనిమిదేళ్ల పిల్ల "నాన్నతో మాట్లాడాలి" అంది.

"పాస్టరుగారి కూతురివైతే కొమ్ములొచ్చాయా? వెళ్లి వరుసలో కూర్చో" అని కసిరాను.

రెండు గంటలు కూర్చుంది పాపం. దాని వంతు వచ్చేసరికి ఆయన అలసిపోయి, కళ్లు తెరవకుండానే దాని తల మీద చెయ్యి పెట్టి, అక్కడి భాషలో "నీ పేరేంటమ్మా?" అన్నారు.

అది తెలుగులో "నేనే నాన్నా" అంది. ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచేలోపే లేచి వచ్చేసింది. ఏం మాట్లాడాలనుకుందో ఇప్పటికీ చెప్పలేదు.

ఆయన రిటైరయ్యాక మా గుమ్మం తొక్కేవాళ్లే లేరు. అయినా అది ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఇదే అడుగుతుంది: "అమ్మా, నాన్న దగ్గర ఎవరైనా ఉన్నారా?"