డేటాబేస్ పాఠానికి అవ్వ కొట్టిన ఊఁ

దయ్యాలంటే నాకు నవ్వు. చదివింది కంప్యూటర్ సైన్సు, పైగా నోరు దురుసు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలోనే ఆపి సాక్ష్యం అడిగేదాన్ని. అందుకే ఇది చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంది.

మాది మక్తల్ దగ్గరి పల్లె. నల్లగొండలో కిరాయి గదిలో ఉండి డిగ్రీ చదివేదాన్ని. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాయి గానీ డేటాబేస్ ఒక్కటే రెండుసార్లు తన్నింది. "ఈసారి గూడ పోతే సామాన్లు సర్దుకొని రా బిడ్డా, సదివింది సాలు" అన్నాడు బాపు. కోపంగా అనలేదు, అలిసిపోయి అన్నాడు.

చదివింది ఎవరికైనా పైకి చెబితే తప్ప నా బుర్రకెక్కదు. ఇంట్లో ఉన్నప్పుడు అవ్వకు చెప్పేదాన్ని. కథలకు కొట్టినట్టే మా అవ్వ పాఠాలకూ ఊఁ కొట్టేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఎక్కడైనా కథ అతకకపోతే ఊఁ ఆగిపోతుంది. బతిమాలినా కొట్టదు, అంత మొండిది. ఆ మొండిదంటే నాకు ప్రాణం.

పరీక్ష ముందు రోజు పొద్దున గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. నా ఫోను రిపేరు షాపులో ఉంది. ఇంటి ఓనరాంటీ నార్కట్‌పల్లి పోయింది. గోడకు చెబుతున్నట్టు డెడ్‌లాక్ పాఠం అందుకుని, అప్పటికప్పుడు ఒక కథ అల్లాను. అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు. ఫ్యూజు అన్న దగ్గర, స్టార్టర్ డబ్బా తాళంచెవి తమ్ముడి దగ్గర. రెండూ ఉంటేనే మోటరు నడిచేది. నువ్వు ముందు ఇయ్యంటే నువ్వు ముందు ఇయ్యమని ఇద్దరూ భీష్మించుకు కూర్చున్నారు.

వెనక నుంచి "ఊఁ" అని వినపడింది.

అచ్చం అవ్వ గొంతే. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఏం చిత్రమో, భయం వేయలేదు, పాఠం కొనసాగించాను. మాట మాటకూ ఊఁ పడుతోంది. "ఎవరో ఒకరు విసుగొచ్చి ఇచ్చేదాకా సిస్టం ఊరికే చూస్తుంది" అన్నాను. ఊఁ లేదు. మళ్లీ అన్నాను. లేదు. ఒళ్లు మండి పుస్తకం తీసి చూస్తే తప్పు నాదే. సిస్టం ఊరుకోదు, ఒకరి పని రద్దు చేసి, చేతిలోది వదిలించి, మళ్లీ మొదటి నుంచి చేయిస్తుంది. సరే, అన్న చేత ఫ్యూజు ఇప్పించాను. అప్పుడు పలికింది ఊఁ.

మధ్యాహ్నం ఆంటీ వచ్చి తన ఫోను నా చేతికిచ్చింది. అవతల అమ్మ.

"మీ అవ్వకేమైందే? పొద్దుగాల సంది అరుగు మీద కూసొని ఒక్కతే ఊఁ కొడుతాంది. ఎవలతోని అంటే, పిల్ల సదువుతాంది, నడుమల మాట్లాడకు అంటది."

ఇంతలో అవ్వ ఫోను గుంజుకుంది. "ఏమే, అన్న ఫ్యూజు ఇచ్చిండు సరే. గా తమ్ముని మడి పారిందా, లేదా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ కథ నేను కాగితం మీద పెట్టలేదు, ఇంకో మనిషికి చెప్పలేదు.

పరీక్షలో డెడ్‌లాక్ ప్రశ్న రానే లేదు, అది వేరే సంగతి. పాసయ్యాను. బాపు వీధిలో అందరికీ మిఠాయి పంచాడు.

అది ఎలా జరిగిందో ఇవాళ్టికీ నాకు తెలియదు. ఇంటికి పోయాక అవ్వనే పట్టుకుని నిలదీశాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ఊఁ కొట్టేటోళ్లు లేకుంటె నీకు సదువెక్కదాయె. ఒక్కదానివే తండ్లాడుతుంటివి. మరి నేను ఇనకుంటె ఎట్ల బిడ్డా?"