ప్రతి అరగంటకీ ఆగిన బండి

యానాం నుంచి పుదుచ్చేరికి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన మా అందరికీ ఒక పాడు అలవాటుండేది. ఆఫీసులో, బస్సులో, చేపల బజార్లో, ఎవరి గురించైనా సరే, వాళ్ల మొహమ్మీదే తెలుగులో అనేసేవాళ్లం. చుట్టూ తమిళం వాళ్లే కదా, ఎవడికి తెలుస్తుందిలే అని ధీమా. ఆ విద్యలో నేను అందరికంటే రెండాకులు ఎక్కువే చదివాను. రెండు మూడేళ్లుండి పోయేవాళ్లం, ఎవరేమనుకుంటే మాకేంటన్నట్టుండేది నా వరస.

ఆ రోజుల్లోనే అమ్మ యానాం నుంచి వచ్చింది. రెండు రోజులు సెలవు దొరికితే, ఆవిణ్ణి సముద్రం పక్కనే తరంగంబాడి దాకా తిప్పుదామని కేంపర్ వ్యాన్ మాట్లాడాం. అందులోనే పడకలు, గ్యాస్ పొయ్యి, ఓ మూల చిన్న బాత్రూము. మా ఆయన, నేను, అమ్మ. నడపడానికి నలభై దాటిన ఒక డ్రైవరు. బక్కపల్చటి మనిషి, అడిగితే తప్ప మాట్లాడడు. ఏం కావాలన్నా మా ఆయనే వచ్చీరాని తమిళంలో చెప్పేవారు. కదిర్కామంలో మా ఇంటి ముందు బండెక్కుతూ, "వీణ్ణి చూస్తే బండి వీడు నడుపుతాడో, మనమే దిగి తొయ్యాలో!" అన్నాను తెలుగులో. డ్రైవరు మా తలుపు వేసి, ముందుకెళ్లి కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోంచేసి బయల్దేరాం. ఊరు దాటామో లేదో వాన మొదలు. అమ్మకి షుగరు, అరగంటకోసారి వెళ్లాల్సిందే. బండిలో ఉంది కదమ్మా అంటే, "పొయ్యి పక్కనా? అన్నం వండే చోటా? ఛీఛీ, చచ్చినా వెళ్లను" అని కూర్చుంది.

"అయితే చిదంబరం దాకా ఓర్చుకో. నీకోసం వీణ్ణి ఊరూరా ఆపమని అడుగుతామా? పరువు పోతుంది" అని కసిరాను.

"సరేలేవే," అని కిటికీ వైపు తిరిగింది అమ్మ.

అయిదు నిమిషాల్లో బండి ఆగింది. టైరు చూసుకోవాలట. పక్కనే పెట్రోల్ బంకు, అందులో శుభ్రమైన బాత్రూము. "దేవుడు ఆపించినట్టు ఆపించాడే" అంటూ అమ్మ దిగింది. వాన వెలిసి, కళ్లు చెదిరే ఎండ కాసింది. అరగంటకి అమ్మ మళ్లీ గొణిగింది, నేను మళ్లీ విసుక్కున్నాను, బండి మళ్లీ ఆగింది. ఈసారి టీ కోసమట. తర్వాత వైపరు సరిగ్గా తిరగడం లేదట. ఆ తర్వాత ఇంకేదో.

వెలుగుండగానే సముద్రం చూపిస్తానని అమ్మకి గొప్పగా చెప్పానేమో, చేరేసరికి చీకటి పడిపోయింది. ఒళ్లు మండిపోయింది నాకు. "వీడికి టీ పిచ్చో, బద్ధకమో! ఉండు, వీడి పని చెప్తాను" అని డ్రైవరు వినేటట్టే అని, బండి ఓనరుకి ఇంగ్లీషులో పెద్ద మెసేజ్ పెట్టాను. మీ డ్రైవరు అరగంటకోసారి ఊరికే ఆపుతున్నాడు, మా ప్రయాణం పాడుచేశాడు, ఇలాంటివాణ్ణి ఇంకెవరికీ పంపకండి అని. పంపాక ఎంత హాయిగా అనిపించిందో చెప్తే సిగ్గుచేటు.

మర్నాడు తిరుగు ప్రయాణం. కాసేపు ఎండ, కాసేపు జల్లు. డ్రైవరు ఆపుతూనే ఉన్నాడు, నేను సణుగుతూనే ఉన్నాను. ఊళ్లోకి వచ్చేముందు వీరాంపట్టినంలో అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటానంది అమ్మ. గుడి దగ్గర దిగుతుంటే తడి మెట్టు మీద కాలు జారింది. నేను అరిచేలోపే డ్రైవరు రెండు చేతులా పట్టుకున్నాడు.

"మెల్లిగా అవ్వా, మెల్లిగా. యాడన్నా దెబ్బ తగిలెనా?"

తెలుగు! రెండు రోజులుగా అన్న ప్రతి మాటా తిరిగొచ్చి నా మొహాన కొట్టింది.

"నీకు తెలుగొచ్చా బాబూ?" అంది అమ్మ సంబరంగా.

"మాది ఈ పక్కనే ఏంబలం అవ్వా. తాతల కాలం నుంచి ఇంట్లో తెలుగే. సదవను రాదు, మాట్లాడేదే."

అమ్మ గుళ్లోకి వెళ్లేదాకా ఆగి అడిగాను. "మరి మొదటే చెప్పలేదేం?"

ఆయన నా వైపు చూడలేదు. "చెప్పుంటే అవ్వకి సిగ్గయిపోయుండు అక్కా. నా ముందర ఆ మాట ఎత్తదు, ఓర్చుకుంటాది. అప్పుడు యాడ ఆపాలో నాకెట్ల తెలస్తాది?"

తిట్ల గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది.

గుడి వెనక్కి వెళ్లి ఓనరుకి ఫోన్ చేశాను. తప్పంతా నాదేనండీ, ఆయన మా అమ్మ కోసం ఆపాడు, ఆ మెసేజ్ తీసేసినట్టే అనుకోండి అని బతిమాలాను. "అయ్యో మేడమ్, పొద్దున్నే అతనికి ఫోన్లో చెప్పేశానే! ఈ ట్రిప్పే ఆఖరు, మేడమ్ గారే రాశారు అని. వేరే మనిషిని కూడా పెట్టేసుకున్నాను" అన్నాడాయన. ఎంత చెప్పినా వినలేదు.

పొద్దున్నే అంటే, మేం తరంగంబాడిలో ఇడ్లీలు తింటున్నప్పుడు. అక్కణ్ణించి వీరాంపట్టినం దాకా బండి అయిదుసార్లు ఆగింది. అయిదుసార్లూ ఎదురుగా శుభ్రమైన బాత్రూమే.

ఇంటి దగ్గర అమ్మ సంచి లోపల పెట్టి, ఆయన "వస్తానవ్వా" అన్నాడు. నేను చేతులు నలుపుకుంటూ గేటు దగ్గరే నిలబడ్డాను. క్షమించమనడానికి కూడా నోరు పెగల్లేదు. రెండు రోజులు ఆగకుండా ఆడిన నోరు!

అమ్మ యానాం నుంచి ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంది, ఆ ఏంబలం అబ్బాయి బండైతే మళ్లీ వస్తానే అని. ఆయన ఆ పని మానేశాడటమ్మా అని చెప్తున్నాను.