శ్యాము ఎత్తిన బంతి

శ్యాంసుందర్ దినాలు అయిపోయాక ఆళ్లగడ్డ వాలీబాల్ జట్టు మళ్లీ మైదానానికి వచ్చింది. వచ్చిందన్న మాటే గాని నెట్ కట్టడానికి ఎవరికీ చేతులు ఆడలేదు. చివరికి జోసెఫ్ సారే కట్టాడు. ఆయన హైస్కూల్లో ఆటల మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, ఈ జట్టును తయారుచేసింది ఆయనే.

"నంద్యాల టోర్నమెంటు నెత్తి మీదికొచ్చింది. ఆడతారా, మానుకుంటారా? ఏదో ఒకటి చెప్పండప్పా" అన్నాడు.

ఆడతామన్నారు. శ్యాము ఉన్నా అదే చెప్పేవాడన్నారు.

వాలీబాల్లో జనం చూసేది బంతిని కొట్టేవాణ్ని. ఆ కొట్టేవాడికి బంతిని పైకెత్తి అందించే సెట్టర్ని పెద్దగా ఎవరూ చూడరు. ఆట నడిచేది మాత్రం వాడి చేతుల మీదే. ఆళ్లగడ్డకు ఆ సెట్టర్ శ్యాంసుందర్. శిల్పాల కార్ఖానాలో రాయి చెక్కేవాడు. నంద్యాల నుంచి మోటారు సైకిల్ మీద తిరిగొస్తూ శిరివెళ్ల దగ్గర లారీ కింద పడ్డాడు. కార్ఖానాలో అతను సగం చెక్కిన ద్వారపాలకుడు ముఖం లేకుండా అలాగే నిలబడి ఉన్నాడు.

జట్టులో రెండో సెట్టర్ నతానియేలు. చర్చి బడిలో చిన్న తరగతులకు పంతులు. పెళ్లికి ముందు నుంచీ అతని చోటు బెంచీ మీదే. శ్యాముకు మడమ బెణికినప్పుడో, జ్వరం తగిలినప్పుడో కాసేపు ఆడి మళ్లీ వచ్చి కూర్చునేవాడు. అందుకు అతను ఎన్నడూ బాధపడలేదు. బెంచీ మీద కూర్చుంటే శ్యాము చేతులు బాగా కనిపించేవి. బంతి వేళ్లలో ఆగినట్టే ఉండేది, ఆగేది కాదు. ఆ రాతి వేళ్లకు తగిలి పైకి లేచేటప్పుడు ఎండుటాకు నలిగినట్టు చిన్న చప్పుడు వచ్చేది. అన్నేళ్లూ నతానియేలు ఆ చేతులనే చూశాడు.

జోసెఫ్ సారు ముందుగా ప్రేమ్ సాగర్‌ను నిలబెట్టాడు. డోన్ నుంచి ఉద్యోగానికని వచ్చిన కుర్రాడు, పొడగరి. అతని బంతి కిందుగా, విసురుగా వచ్చేది. జట్టులో గట్టిగా కొట్టే అజయ్ కుమార్ ఎగరకముందే బంతి దాటిపోయేది. తర్వాత సురేష్‌ను పెట్టి చూశారు. అతను సెట్టరైతే కుడివైపు కొట్టేవాడు లేకుండా పోయాడు.

"నతానియేలూ, రాప్పా" అన్నాడు సారు.

మొదటి బంతి ఎత్తాడు. అజయ్ కళ్లు మూసుకున్నా కొట్టగలిగినంత సరిగ్గా అతని చేతికి అందింది. కొట్టి నేలమీదికి దిగిన అజయ్ ఎవరికీ ముఖం చూపించకుండా అటు తిరిగి నిలబడ్డాడు. అందరికీ వినిపించింది, ఎండుటాకు నలిగిన చప్పుడు.

సెట్టర్ ఎవరన్న మాట మళ్లీ రాలేదు.

రెండు మూడు రోజులయ్యాక ఆట మధ్యలో అజయ్ "శ్యామూ, నాకియ్యి" అని అరిచాడు. నతానియేలు ఇచ్చాడు. ఆ పేరు తప్పని ఎవరూ అనలేదు. మర్నాడు సురేష్ కూడా అలాగే పిలిచాడు. పిలిచినప్పుడల్లా బంతి వెళ్లింది. నతానియేలుకు మొదట్లో ఆ పేరు ముల్లులా గుచ్చుకునేది. తర్వాత తర్వాత, తన పేరు పెట్టి పిలిస్తేనే ఒక్క క్షణం ఆలస్యంగా తిరగసాగాడు.

శ్యాము తల్లి సరస్వతమ్మ సాయంత్రాలు మైదానానికి రావడం మొదలుపెట్టింది. కొడుకు బతికుండగా ఒక్కనాడూ ఆట చూడటానికి వచ్చిన మనిషి కాదు. గోడ పక్కన కూర్చుని కళ్లు మూసుకునేది. అందరూ ఆమె ఏడుస్తోందనుకున్నారు. ఆమె వింటోంది.

ఒకనాటి పొద్దున నతానియేలు పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. వంటింట్లోంచి అతని భార్య ఎలిజబెత్ గబగబా బయటికి వచ్చి, అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇప్పుడు ఈల ఏసింది ఎవరు?"

"ఈలా? ఎవరూ లేరే ఈడ."

"నువ్వే ఏస్తాంటివి. నీకు ఈల రాదు గదప్పా. శ్యామన్న ఏసే పాట అది. ఆయప్ప వాకిట్లోకి వచ్చినాడేమో అనుకొన్యా."

ఈల వేసినట్టు నతానియేలుకే తెలియదు. ఆమె దగ్గరికి వచ్చి, సబ్బు నురగ అంటిన అతని చేతిని అలాగే పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. అతను ఆమేన్ అన్నాడు గాని, ఆ మాట కూడా తన నోటి నుంచే వచ్చిందా అని ఆ పూటంతా బడిలో ఆలోచిస్తూ కూర్చున్నాడు.

నంద్యాలలో ఒక్కొక్క ఆటే గెలుస్తూ ఆళ్లగడ్డ ఫైనల్‌కు వచ్చింది. ఎదుటి జట్టు నంద్యాలదే. చివరి సెట్లో ఇంకొక్క పాయింట్ వస్తే కప్పు వీళ్లది. బంతి నతానియేలు నెత్తి మీదికి వచ్చింది. అప్పటికే నంద్యాల ఆటగాళ్లు ఇద్దరు అజయ్ ముందు గోడలా లేచారు. కుడివైపు సురేష్‌కు అడ్డం ఎవరూ లేరు. నతానియేలుకు అది తేటగా కనిపించింది. సురేష్‌కే ఇవ్వాలనుకున్నాడు, వేళ్లు విప్పాడు.

బంతి అజయ్ వైపు వెళ్లింది.

అజయ్ ఆ ఇద్దరి చేతుల మీదుగానే కొట్టాడు. వాళ్ల వేళ్లకు తగిలి బంతి ఎక్కడో బయట పడింది, పాయింటూ కప్పూ ఆళ్లగడ్డవే. జనం మైదానంలోకి వచ్చేశారు. నతానియేలును భుజాల మీదికి ఎత్తుకుని "శ్యామూ, శ్యామూ" అంటూ తిప్పారు. ముఖం తెలియని నంద్యాల జనం కూడా అదే అతని పేరనుకుని అందుకున్నారు. పైన కూర్చున్న నతానియేలు తన రెండు చేతులనూ వేరొకరివన్నట్టు చూసుకున్నాడు.

తిరుగు దారిలో జీపులో పాటలు పాడుతున్నారు. శిరివెళ్ల దగ్గరికి వచ్చేసరికి పాట దానంతటదే ఆగిపోయింది. పక్కనే కూర్చున్న జోసెఫ్ సారు, "ఆఖరి బంతి బలే ఇచ్చినావప్పా" అన్నాడు మెల్లగా.

"నేను ఇయ్యలేదు సార్."

సారు అతని వైపు తిరిగాడు.

"నేను సురేషుకి ఇయ్యాలనుకొన్యా. పోయింది అజయ్ కాడికి."

"ఆటలో అట్ల అయితాదిలే."

"నాకు ఎప్పుడూ కాలేదు సార్. శ్యాముకైతే అదే అలవాటు. ఎంతమంది అడ్డమున్నా ఆఖరుది అజయ్‌కే."

ఆళ్లగడ్డ చేరేదాకా జీపులో పాట మళ్లీ లేవలేదు.

కప్పును శ్యాము ఇంట్లో పెట్టాలని జట్టంతా అనుకుని, నతానియేలు చేతికిచ్చి పంపారు. సరస్వతమ్మ వాకిట్లో ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురు కార్ఖానాలో ఉలి చప్పుళ్లు. ఆమె కప్పు వైపు చూడనైనా చూడలేదు. అతని చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలూ తడిమి చూసింది.

"మెత్తగుండాయి" అంది. "మావానివి రాయి కొట్టే చేతులు. ఆ సప్పుడు రాతి వల్ల వచ్చేది. నీవి సుద్దముక్క పట్టుకొనే చేతులు నాయనా. ఆ సప్పుడు నీకెట్ల వస్తాంది?"

"నాకు తెల్దమ్మా."

"నాకు తెల్సు. నేను దినామూ వచ్చి కూసుంటాండా గదా, అందుకే వాడు పోలేకుండాడు. నీ ఆట బాగుండాదని జట్టోళ్లూ వాన్ని పోనియ్యడంల్యా." అతని చేతులు వదిలిపెట్టింది. "ఇంగ నువ్వు బంతి ఎత్తాకు. నేనూ రాను. వాడు పోవల్ల."

నతానియేలు ఆమె కాళ్ల దగ్గర కప్పు పెట్టి లేచాడు. వీధి మలుపు తిరిగాక గాని ఏడుపు రాలేదు. శ్యాము పోయిన నాటి నుంచి అతను ఏడవడం అదే మొదలు.

మర్నాడే జోసెఫ్ సారుకు చెప్పేశాడు. సారు ఎందుకని అడగలేదు. అజయ్ మాత్రం ఇంటికి వచ్చి పోట్లాడాడు. "నువ్వు పోతే వాడు రెండోసారి సచ్చినట్లే గదరా" అన్నాడు. నతానియేలు తలుపు దగ్గర నిలబడి ఆ మాట పడ్డాడు.

ప్రేమ్ సాగర్ సెట్టర్ అయ్యాడు. అవుకులో ఓడారు, డోన్‌లో అతని సొంత ఊరి వాళ్ల చేతిలో మరీ ఘోరంగా ఓడారు. కిందుగా విసురుగా వచ్చే ఆ బంతికి ముందే ఎగరడం అజయ్‌కు అబ్బేసరికి ఎండాకాలం వెళ్లిపోయింది. ఇప్పుడు వాళ్లు కొన్ని గెలుస్తున్నారు, కొన్ని ఓడుతున్నారు. సరస్వతమ్మ అన్న మాట ప్రకారం మళ్లీ మైదానానికి రాలేదు.

నతానియేలు బంతి ముట్టడం లేదు. బడిలో పిల్లల బంతి తన వైపు దొర్లుకుంటూ వస్తే కాలితో తోసి పంపుతాడు. ఈల మళ్లీ వినలేదని ఎలిజబెత్ అంటుంది. ఆదివారం చర్చిలో అందరూ చేతులెత్తి దేవుణ్ని స్తుతించేటప్పుడు అతనూ ఎత్తుతాడు. ఒక్కోసారి అతని రెండు చేతులూ నుదుటి మీదికి వచ్చి ఆగుతాయి, వేళ్లు బంతి మేర విచ్చుకుని ఉంటాయి. కళ్లు మూసుకున్న అతనికి అది తెలియదు. ఎలిజబెత్ పాట ఆపకుండానే చేయి చాచి, ఆ చేతుల్లో ఒకదాన్ని మెల్లగా కిందికి దించి పట్టుకుంటుంది.