నగర్తపేటలో నేను వాల్చిన ఇల్లు

పోయిన నెలలో బెంగళూరు శివార్లలో, వర్తూరు దగ్గర మా మేనకోడలు కొనుక్కున్న ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాలయ్యాక అందరూ కిందికి దిగి, పద్నాలుగంతస్తుల ఆ భవనమంతా పడేలా ఒక ఫోటో తియ్యమని నా చేతిలో ఫోను పెట్టారు, మా ఇంట్లో నాకింకా ఫోటోలు తీసేవాడినన్న పేరుంది కాబట్టి. వెనక్కి జరగడానికి చోటు లేదు, కాంపౌండు గోడ వీపుకి తగులుతోంది. ఫోను పైకెత్తి తీస్తే భవనం పైకి పోయేకొద్దీ సన్నబడి వెనక్కి పడిపోతున్నట్టు వచ్చింది. మేనకోడలు ఫోను తీసుకుని వేలితో ఏదో జరిపింది, భవనం నిటారుగా నిలబడింది. అరనిమిషం పని. వాళ్లు ఆ ఫోటో బంధువులకి పంపించుకునే హడావిడిలో ఉంటే నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ అరనిమిషం పని నాకు చేతకాక ఒకావిడ ఇంటికి ముప్పు తెచ్చిన సంగతి గుర్తొచ్చింది.

తొంభైల మొదట్లో అనంతపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి, మడివాళలో మరో ముగ్గురితో ఒక గదిలో ఉండేవాడిని. మా బావ, అంటే అక్క భర్త, తనకి తెలిసిన ఒక చిన్న సర్వే ఆఫీసులో నన్ను చేర్పించాడు. పాతపేటల్లో ఏ ఇల్లు గట్టిగా ఉంది, ఏది కూలేలా ఉంది అని చూసి కార్పొరేషన్ వాళ్లకి పట్టీ రాసివ్వడం ఆ ఆఫీసు పని. నాది టేపు పట్టుకునే ఉద్యోగం. ఫోటోలు తీసే ఆయన ఉన్నట్టుండి మానేస్తే, మా బావ నాకు కెమెరా వచ్చని చెప్పేశాడు. నేను కాదనలేదు. అప్పటికి నేను కెమెరా పట్టుకున్నది ఒక్కసారి, అదీ ఎవరి పెళ్లిలోనో కాసేపు పట్టుకోమని ఇస్తే.

మన వయసు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, రీలుకి ముప్పై ఆరు ఫోటోలు, తీసింది ఎలా వచ్చిందో కడిగి అచ్చు వేసేదాకా తెలియదు. ఇంటికి ఒక్కటే తియ్యమన్నారు. నగర్తపేట సందులా, ఎదురెదురు ఇళ్ల వాళ్లు కిటికీల్లోంచి చేతులు చాచి కరివేపాకు ఇచ్చి పుచ్చుకునేంత ఇరుకు. దానికితోడు తోపుడుబళ్లు, బట్టల మూటలు మోసేవాళ్లు, లోపలెక్కడో రేకులు కొట్టే చప్పుడు. ఒక సందులో మూడంతస్తుల ఇల్లు, పై అంతస్తులో చెక్క వసారాతో, ఎలా తీసినా పైభాగం తెగిపోతోంది. చివరికి గోడకి ఆనుకుని గొంతుక్కూర్చుని, కెమెరా బాగా పైకెత్తి, ఇంకా చాలక కాస్త పక్కకి కూడా వంచి తీశాను. మొత్తం ఇల్లు పడిందని సంతోషించాను కూడా.

మా ఇంజినీరు గారు చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. సగం ఇళ్లకి వెళ్లకుండా ఫోటోలు చూసే పట్టీ నింపేవాడు. నా ఫోటో చూసి 'ముందు గోడ పక్కకి వాలింది' అని రాశాడు. నెల తిరక్కుండా ఆ ఇంటి తలుపుకి, ఖాళీ చెయ్యమని కాగితం అంటించారు.

ఆ సంగతి నాకు తెలియదు. మరో ఇంటి కోసం అదే సందులోకి వెళ్లినప్పుడు, డెబ్బై ఏళ్ల అవ్వ ఒకావిడ గబగబా వచ్చి నా భుజానికున్న కెమెరా బెల్టు పట్టుకుంది.

"నువ్వే గదప్పా ఫోటో తీసుకోని పోయినోడు? నా ఇల్లు వాలిపోయుండాదని కాగితం అంటించినారు. రా, యాడ వాలుండాదో చూపించు."

కింది వాటాలో జరీ పని చేసేవాళ్లు సామాను సర్దుకుంటున్నారు. మధ్య వాటాలో ఉన్న దర్జీ కుటుంబం ముందురోజే వెళ్లిపోయిందట. అవ్వ నన్ను పైకి తీసుకెళ్లి, మేస్త్రీలు గోడ నిలువు చూసే ఇత్తడి గుండుని దారానికి కట్టి వసారా మూల నుంచి కిందికి వదిలింది. కిందికి దిగి చూద్దును కదా, దారానికీ గోడ అంచుకీ పైనెంత ఎడం ఉందో కిందా అంతే. వేలెడు తేడా లేదు. నేను చూసిందే తీశానవ్వా అని గొణిగాను.

"కింద కూకోని తలెత్తి చూస్తే ఏ ఇల్లైనా అట్లే ఉంటాదప్పా. ఎదురింటి మేడెక్కి చూడు సొల్పం."

నలభై ఏళ్లుగా పేరంటాలకి వెళ్లినప్పుడల్లా ఎదురింటి కిటికీలోంచి తన ఇంటిని చూసుకున్న మనిషి ఆవిడ. ఆ ఇంటి వాళ్లని కేకేసింది. వాళ్లు నన్నెవరని కూడా అడక్కుండా మంచం పక్కకి జరిపి, ఆరేసిన బట్టలు తీసి, కిటికీ దగ్గర చోటిచ్చారు. అక్కణ్నుంచి చూస్తే ఆ ఇల్లు నా కళ్లకి సరిగ్గా ఎదురుగా, ఏ తలుపుకా తలుపు నిటారుగా ఉంది. కెమెరా పైకెత్తక్కర్లేదు, వంచక్కర్లేదు. తీసేముందు అవ్వ తనంతట తనే వెళ్లి గడపలో నిలబడింది. ఆ ఇల్లెంత ఎత్తో ఆవిడ పక్కన చూస్తేనే తెలిసింది.

మర్నాడు ఇంజినీరు గారు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"నీకు కెమెరా వచ్చనే కదయ్యా మీ బావ చెప్పింది?"

"రాదు సార్."

ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు, లేకపోతే పైకి వెళ్లిన పట్టీ మార్చడానికి వీల్లేదట. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. గదికి వెళ్లి ఆలోచించుకుని వస్తానంటే వద్దనేవాడు కాదు, కానీ గదికి వెళ్తే నేను మళ్లీ వచ్చేవాడిని కాదేమో. అక్కడే రాసేశాను. ఉద్యోగం పోలేదు, కెమెరా పోయింది. ఏడాది పాటు మళ్లీ టేపు పట్టుకున్నాను, మా బావ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నేను అంతకు ముందు తీసిన ఇళ్లలో వాలినట్టు రాసినవి మరో రెండున్నాయి. వాటినీ మళ్లీ చూశాం. ఒకటి బాగానే ఉంది, ఒకటి నిజంగానే వాలింది.

అవ్వ తలుపు మీది కాగితం తీసేశారు. జరీ వాళ్లు ఉండిపోయారు. దర్జీ కుటుంబం మాత్రం తిరిగి రాలేదు. వాళ్ల పిల్ల చదువు ఏడాది మధ్యలో ఆగిపోయిందని అవ్వ ఒకసారి చెప్పింది, నన్ను అనాలని కాదు, మాటల్లో వచ్చి. దానికి మళ్లీ తీసే ఫోటో లేదు.

కెమెరా తిరిగి నా చేతికి వచ్చాక పద్నాలుగేళ్లు అదే పని చేశాను. తూర్పు ముఖం ఇళ్లు పొద్దున్నే తియ్యాలని, బండి అడ్డొస్తే విసుక్కోకుండా పోయేదాకా ఆగాలని, గడపలో మనిషిని నిలబెట్టాలని మెల్లమెల్లగా ఒంటపట్టింది. రెండువేల సంవత్సరం తర్వాత మా ఆఫీసు లేఅవుట్ల పనిలోకి దిగి నన్ను వర్తూరు చెరువు వైపు పంపింది. అక్కడ తలెత్తాల్సిన అవసరమే లేదు, అంతా బయలు. మొదట్లో ఆకాశం సగం, నేల సగం పెట్టి తీసేవాడిని, ఏదీ చూడబుద్ధయ్యేది కాదు. గట్టు మీద కిందికి వంగి కూర్చుని, ముందు రెల్లు దుబ్బులు పడేలా, నీళ్ల అంచుని బాగా పైకి పెట్టి తీస్తే చెరువు చెరువులా కనిపించింది. ఆ ఫోటోలు చూసే ప్లాట్లు గీశారు.

నేను చక్కగా తీసిన ఇళ్లలో ఎన్ని మిగిలాయో చూసుకోవడం ఎప్పుడో మానేశాను. అవ్వ ఇల్లు పదకొండేళ్లు నిలిచింది. ఆవిడ పోయాక వారసులు అమ్మేశారు, కొన్నవాళ్లు పడగొట్టారు, దానికి ఎవరి కాగితమూ అవసరం లేకపోయింది.

ఆ పద్నాలుగేళ్లలో నేనెన్ని ఎదురిళ్ల మేడలెక్కానో చెప్పలేను. ముక్కూ మొహం తెలియని నన్ను వంటింట్లోంచి, పడగ్గదిలోంచి, ఒకసారైతే పురిటి మంచం పక్కనుంచి నడిపించి కిటికీ తెరిచి చూపించారు. దిగేటప్పుడు మంచినీళ్లో, మజ్జిగో ఇచ్చేవాళ్లు. ఇవాళ అలా ఎవరి తలుపైనా తట్టి, ఎదురిల్లు చూసుకోవాలి, కాస్త పైకి రానిస్తారా అని అడిగే ధైర్యం నాకు లేదు. ఎవరైనా వచ్చి నన్నలా అడిగితే, గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచే ఎవరు కావాలండీ అంటాను.